స్లాబు కింద బాలింత

ఐదో రోజు మధ్యాహ్నం నుంచి పిల్ల ఏడవడం మానేసింది.

ఇంట్లో అందరూ దాన్ని మంచి లక్షణమే అనుకున్నారు. అందరూ అంటే ఇద్దరు. అత్త శంకరవ్వ, మంత్రసాని పోశవ్వ. మూడో మనిషి యాదవ్వ, పిల్ల తల్లి. ఆమె ఏమీ అనుకోలేదు. ఏదైనా అనుకోవడం మానేసి ఆమెకు మూడేళ్ళయింది.

రోహిణి కార్తె నడుస్తోంది. మెట్‌పల్లికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో పొద్దున తొమ్మిదికే వాడలు ఖాళీ అవుతున్నాయి. కుక్కలు మోరీల్లో పడుకుంటున్నాయి. ఊరి మొత్తానికి స్లాబు ఇళ్ళు నాలుగు. నాలుగూ దుబాయి సొమ్ముతో లేచినవే. వాటిలో రెండోది శంకరవ్వది. కొడుకు హనుమండ్లు అక్కడ కట్టడాల మీద ఇనుప చువ్వలు వంచే పని చేస్తూ, పంపిన డ్రాఫ్టులతో 1982లో కట్టించాడు. ముందు గోడకు ఆకుపచ్చ రంగు. పిట్టగోడ మీద సిమెంటు నెమళ్ళు రెండు. గృహప్రవేశానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చి గోడలు తట్టి చూసి వెళ్ళారు. శంకరవ్వ దాన్ని ఇల్లు అనదు. బిల్డింగు అంటుంది.

అందులో తూర్పు గది బాలింతకు ఇచ్చారు.

పది అడుగుల గది. రెండు కిటికీలు, రెండూ మూసి గడియలు వేసి ఉన్నాయి. పైన గాలి కంతకు పాత పేపరు అంటించారు. తలుపు కింది సందులో చీర చుట్టి కుక్కారు. నులక మంచం కింద కుంపటి, దాని మీద వావిలాకు. గడప దగ్గర కొడవలి, చీపురు. యాదవ్వ చెవుల్లో దూది, తల చుట్టూ బిగించిన గుడ్డ. రోజుకు రెండు గ్లాసుల నీళ్ళు, అవీ కాచినవి. అంతకు మించి తాగితే బాలింతకు పొట్ట పెరుగుతుందని శంకరవ్వ లెక్క.

ఇదంతా శంకరవ్వ కనిపెట్టింది కాదు. ఆమెను ఆమె అత్త ఇలాగే మూసింది. ఆ అత్తను అంతకు ముందున్న అత్త మూసింది. శంకరవ్వ పెరట్లోని పాత ఇంట్లో ఏడుగురిని కన్నది. ఏడుగురూ తొట్టెల దాకా, అంటే పేరు పెట్టే రోజు దాకా, వచ్చారు. అందుకే ఆమెకు ఈ పద్ధతి మీద అనుమానం లేదు.

అనుమానం రావలసిన సంగతి ఒకటి జరిగింది. దాన్ని మరోలా అర్థం చేసుకున్నారు.

మూడేళ్ళ క్రితం ఇదే గదిలో, ఇదే కార్తెలో యాదవ్వకు మగపిల్లవాడు పుట్టాడు. పుట్టింట్లో పురుడు పోయడానికి ఆమెకు తల్లి లేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం శంకరవ్వ వాగు దగ్గరకు వెళ్ళింది. గదిలో ఊపిరి ఆడక యాదవ్వ ఒక కిటికీ తెరిచి, హనుమండ్లు పంపిన టేబుల్ ఫ్యాను మీట నొక్కింది. గంటసేపు పెట్టి, అత్త అడుగుల చప్పుడు విని ఆపేసింది.

తొమ్మిదో రోజు సాయంత్రానికి పిల్లవాడు పోయాడు.

"గాలి కొట్టింది," అని తేల్చింది పోశవ్వ. "పచ్చి బాలెంత అర్రల గాలెట్లొచ్చింది?"

యాదవ్వే చెప్పేసింది. దాచే తెలివి ఆ రోజు ఆమెకు లేదు. శంకరవ్వ తిట్టలేదు, కొట్టలేదు. ఫ్యానుకు ప్లాస్టిక్ కవరు తొడిగి అటక మీద పెట్టింది. తర్వాత మూడేళ్ళు, ఎవరు అడిగినా ఒకటే మాట. "తల్లే ఫాను వెట్టుకున్నది."

ఆ మాట విని విని యాదవ్వకు అది వాతావరణం సంగతిలా అయిపోయింది. ఎండ కాస్తోంది, వాన కురుస్తోంది, తల్లే ఫ్యాను పెట్టుకుంది. ఈసారి నొప్పులు మొదలు కాగానే గదిలోకి వెళ్ళి కిటికీ గడియలు తన చేత్తోనే వేసుకుంది.

పిల్లను సరిగ్గా చూడలేదు కూడా. తొమ్మిదో రోజు దాటనీ, అప్పుడు చూద్దాం అనుకుంది. పాలకు పెట్టేటప్పుడు గోడ వైపు చూసేది.

ఆరో రోజు పొద్దున పోశవ్వ వచ్చింది. తలుపు జానెడు తెరిచి, పక్కకు తిరిగి లోపలికి జారి, వెంటనే మూసింది.

"ఏం పొల్లనే తల్లీ, బంగారం! ఏడ్సుడు లేదు, ఒర్లుడు లేదు," అంటూ మంచం పక్కన కూర్చుంది. "నాయినమ్మ పోలిక రాలే, బతికిపోయినవ్ యాదవ్వా."

"నా నోటికేమైందే?" అంది వెనకే వచ్చిన శంకరవ్వ.

"ఏం కాలే. నువ్వు బర్రెను పిలిస్తే మెట్‌పల్లి బస్టాండుల కండక్టరు పలుకుతడు, గంతే."

శంకరవ్వ నవ్వింది. పోశవ్వ కూడా నవ్వుతూనే పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. నవ్వు ఆగింది.

"మాడు జర లోపలికి వోయింది."

"పోతే?"

"ఒల్లు గూడ కాల్తుంది." యాదవ్వ వైపు తిరిగింది. "పాలు తాగుతుందా బిడ్డా?"

"నిన్న మాపటిసంది పట్టుకుంటలేదు," అంది యాదవ్వ.

"ఒంటికి పోసిందా?"

యాదవ్వ పొత్తిగుడ్డ తడిమింది. పొడిగా ఉంది. నిన్నటి నుంచి మార్చవలసిన పని పడలేదని అప్పుడు గుర్తుకొచ్చింది.

"లే."

పోశవ్వ లేచి నిలబడి గదంతా కలయజూసింది. పోలీసు సోదాలా గోడలు వెతికింది. కిటికీ రెక్కల మధ్య వేలు పెట్టి చూసింది. చివరికి తలుపు దగ్గర వంగింది.

"గిదిగో! చూడు శంకరవ్వా, గొళ్ళెం కాడ మేకు రంధ్రం. గీడికెళ్ళే వస్తుంది గాలి."

శంకరవ్వ ముఖం తెల్లబోయింది. పరుగున వెళ్ళి దూది తెచ్చింది. ఆ మేకు రంధ్రంలో ఇద్దరూ కలిసి దూది కుక్కారు. పోశవ్వ పిల్ల నడినెత్తిన ఆముదం అద్ది, కుంపట్లో మరో నాలుగు బొగ్గులు వేయించింది.

"లోపల సలి చేసింది. ఉడుకు తలగాలె. ఫికర్ చెయ్యకున్రి," అంది. కానీ బయటికి వెళ్ళాక ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది. యాదవ్వకు తలుపు చాటు నుంచి ఒక్క ముక్కే వినిపించింది. "...మొదటి పిల్లగానికి గూడ గిట్లనే."

యాదవ్వ ఆ ముక్కను విన్నది. గోడ వైపు చూసింది. గోడకు ఎండ లేదు కానీ గోడే ఎండలా ఉంది. చెయ్యి ఆనిస్తే రొట్టెల పెనంలా తగులుతోంది. పైన స్లాబు రాత్రంతా వేడి కక్కి, తెల్లారేసరికి కూడా చల్లబడటం లేదు. ఆమె వీపు కింద నులక తడిసింది. ఆమెకు అది కూడా ఎవరిదో వీపు అన్నట్టు ఉంది.

ఇంకా మూడు రోజులు, అనుకుంది. ఆ లెక్క ఎందుకు వేసిందో తెలియదు.

బయట ఒక గొంతు మోగింది. చెవుల్లో దూది ఉన్నా వినిపించే గొంతు. పాత ఇంటి కప్పు మీద కుమ్మరి అంతయ్య ఉన్నాడు. ఏటా మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ముందు వచ్చి గూనపెంకలు తిరగేసి, పగిలినవి మార్చి పోతాడు. పెరట్లో పాత ఇల్లు ఇప్పుడు సగం గొడ్ల కొట్టం, సగం సామాన్ల గది. మూరెడు మందం మట్టిగోడలు, కిందికి వాలిన కప్పు. హనుమండ్లు దాన్ని పీకేయించమని రెండుసార్లు రాశాడు. గడ్డి ఎక్కడ పెట్టాలో తోచక శంకరవ్వ ఉంచింది.

"శంకరక్కా! నీ బిల్డింగు మీద కాకి గూడ వాలుతలేదే. కాళ్ళు కాల్తయని దానికి ఎరికయింది."

"నీ పెంకలు ఎవలు కొంటలేరని కడుపుమంటరా నీకు," అంది శంకరవ్వ వాకిట్లోంచి.

"నాకు కడుపుమంట, నీకు నెత్తిమంట. జోడు మంచిగున్నది." పెంకలు గలగలమన్నాయి. "నవ్వులాటకు గాదక్కా. లోపల బాలెంత ఉన్నది గద. కొట్టంల జొన్నసొప్ప మస్తుగున్నది. స్లాబు మీద మూరెడెత్తు పరువు. పొద్దుగాల రెండు బిందెలు, పొద్దుమీకి రెండు బిందెలు సల్లు. లోపల మనుషులు పానంతోని ఉంటరు. పైస ఖర్సు లేదు."

"బిల్డింగు మీద సొప్ప ఏస్తరారా ఎవలన్న? కొడుకు దుబాయి కెళ్ళి పైసలు పంపిస్తే శంకరవ్వ కొట్టం గట్టిందంటరు."

"పోనీ సున్నమన్న కొట్టియ్యి. తెల్లగుంటే ఎండ జర ఎనుకకు జరుగుతది."

"మిరుగం దాటినంక సూద్దాం తియ్యి."

"వాన వడ్డంక ఎండకు మందు! నువ్వు సర్పంచువు గావాల్సిందక్కా."

శంకరవ్వ ఏదో తిట్టింది. అంతయ్య ఏదో అన్నాడు. యాదవ్వకు అవి శబ్దాలుగా వచ్చి శబ్దాలుగా పోయాయి.

పదకొండు దాటాక నడిమింట్లో గోల మొదలైంది. గంప బోర్లా పడిన చప్పుడు. కోడి అరుపు. శంకరవ్వ కేకలు.

"ఏమాయె అక్కా? దొంగలు వడ్డరా?" అంతయ్య కప్పు మీంచి అడిగాడు.

"దొంగలు గాదు, కోడి! మూలకు గంపల గుడ్ల మీద పెట్టిన. పదమూడు గుడ్లు. మూడుసార్లు కూసోవెట్టిన, మూడుసార్లు లేశింది. నోరు తెరిశి ఒగరుస్తుంది."

"దాని తప్పేంది? పెనం మీద కూసొమ్మంటే కూసుంటదా?"

"అవ్, గీ ఉడుకకు గుడ్లు గంపలనే ఉడికిపోతయ్. పాతింట్ల పెడ్త."

"వడ్ల గుమ్మి ఎనుక పెట్టు. గాడ సల్లగుంటది. ఒక్క గుడ్డు మురగది."

శంకరవ్వ అడుగులు గది తలుపు ముందు నుంచి వెళ్ళాయి. పెరటి తలుపు తెరుచుకుంది.

యాదవ్వ పడుకునే ఉంది. ఆ మాటలు ఆమెలో నెమ్మదిగా దిగాయి. నోరు తెరిచి ఒగరుస్తుంది. ఉడుకకు గుడ్లు ఉడికిపోతాయి. పాతింట్ల పెడ్త.

ఆమె తల తిప్పి, ఆరు రోజుల్లో మొదటిసారి, పిల్లను చూసింది.

పిల్ల నోరు తెరిచి ఉంది. పెదవులు ఎండి మడతలు పడ్డాయి. డొక్కలు గబగబా ఎగురుతున్నాయి. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఏడవటం లేదు.

యాదవ్వకు భయం వేయలేదు. కోపం రాలేదు. కాళ్ళు మంచం దిగాయి. కుంపటి సెగ పాదాలకు తగిలితే దాన్ని పక్కకు తన్నింది. చెవుల్లో దూది పీకేసింది. పిల్లను గుడ్డతో సహా ఎత్తుకుంది. బరువు లేదు. గొళ్ళెం తీసింది. తలుపు కింద కుక్కిన చీర అడ్డం పడితే గట్టిగా లాగింది. కొడవలి దాటింది.

పెరట్లో ఎండ చెంపదెబ్బలా తగిలింది. పాదాల కింద నేల చుర్రుమంది. పాత ఇంటి తలుపు ఎదురుగానే ఉంది. అందులోంచి శంకరవ్వ ఖాళీ గంపతో బయటికి వస్తోంది.

గంప చేతిలోంచి జారింది.

"ఓ దేవుడా! ఆరొద్దుల బాలెంత! గాలి! గాలి దాకుతది! లోపలికి నడువు, లోపలికి!"

"జరుగు అత్తమ్మా."

ఐదేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో యాదవ్వ నోట ఆ మాట ఎవరూ వినలేదు. శంకరవ్వ రెండు చేతులూ చాచి దారికి అడ్డం నిలబడింది.

"పిచ్చి లేశిందా నీకు? ఒకన్ని మింగింది సాలదా?"

కప్పు మీంచి అంతయ్య అరిచాడు. "అక్కా, పచ్చి బాలెంతను ఎండల నిలవెట్టుకోని ఏం పంచాయితి వెడ్తున్నవ్? ముందుగాల నీడకు పోనియ్యి!"

శంకరవ్వ తల పైకెత్తింది. ఆ ఒక్క క్షణం చాలింది. యాదవ్వ ఆమె పక్క నుంచి లోపలికి దూరి తలుపు మూసి, లోపలి అడ్డకర్ర వేసేసింది.

మొదట ఏమీ కనిపించలేదు. చీకటి. తర్వాత గడ్డి వాసన, మట్టి వాసన. తర్వాత చల్లదనం. ఫ్యాను గాలిలాంటిది కాదు. బావి గట్టున కూర్చుంటే ఒంటికి తగిలే చల్లదనం లాంటిది. అలికిన నేల మీద అరికాళ్ళు పెట్టి ఆమె కాసేపు ఊరికే నిలబడింది. అంతయ్య తిరగేస్తున్నది కొట్టం వైపు. ఇటు వైపు కప్పు నిండుగా ఉంది.

మూలన రంజన్ ఉంది. పనివాళ్ళకు నీళ్ళు నింపిపెట్టే పెద్ద మట్టికుండ. యాదవ్వ ముంతతో ముంచి తాగింది. ఇంకో ముంత. ఇంకోటి. ఆరు రోజుల దాహం. నీళ్ళు గొంతులోంచి దిగుతుంటే చప్పుడు వినిపించింది. తర్వాత తలకు కట్టిన గుడ్డ విప్పి తడిపి, పిండి, పిల్ల నుదురు తుడిచింది. చంకలు, కాళ్ళు, వీపు. గుడ్డ వెంటనే వెచ్చబడింది. మళ్ళీ తడిపింది.

పడమటి వైపు చిన్న కిటికీ. దానికి ఊచలే, తలుపు లేదు. వడగాలి లోపలికి వస్తోంది. ఒక గోనెపట్టా నీళ్ళలో ముంచి ఊచలకు వేలాడదీసింది. కాసేపటికి అదే గాలి చల్లగా మారి వచ్చింది.

తలుపు దబదబ మోగింది.

"యాదవ్వా, దర్వాజ తీయ్! నా తల్లి గద, తీయ్! పోరి పోతదే. గాలి తాకితే పోతది. నీ కాళ్ళు మొక్కుత తీయ్."

యాదవ్వ రొమ్ము పిండి చూసింది. ఏమీ రాలేదు.

"నాడు గిట్లనే జేస్తివి!" ఈసారి శంకరవ్వ గొంతు పగిలింది. "నాడు గూడ నేను ఇంట్ల లేంది జూసి ఫాను వెట్టుకున్నవ్. పిల్లగాన్ని సంపుకున్నవ్. ఇప్పుడు దీన్ని గూడ..."

యాదవ్వ తలుపు దగ్గరికి వెళ్ళింది. అరవలేదు. మామూలు గొంతుతో, ఉప్పు ఎక్కడుందని అడిగినట్టు అడిగింది.

"కోడిని ఎందుకు తెచ్చినవ్ అత్తమ్మా ఈడికి?"

తలుపు మీద దెబ్బలు ఆగాయి.

"నాతోని ఒక్క మాట చెప్పు. ఎందుకు తెచ్చినవ్?"

పెంకల చప్పుడు కూడా ఆగింది. తలుపు సందులోంచి శంకరవ్వ పాదాలు కనిపిస్తున్నాయి. కాలే నేల మీద అవి కదలడం లేదు. చాలాసేపటికి ఆ పాదాలు రెండడుగులు వెనక్కి వేశాయి. తర్వాత గోడ నీడలో ఆమె కూలబడిన చప్పుడు.

ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా నడిచింది.

అంతయ్య దిగి వచ్చి చేదబావి నుంచి బిందె నింపి తలుపు ముందు పెట్టాడు. "బిడ్డా, నీళ్ళు వెట్టిన. నేను అవుతలికి పోతున్న. తీసుకో. తాగినన్ని తాగు."

"గన్ని నీళ్ళా? పొట్ట పెరుగుతదిరా," అంది శంకరవ్వ. అలవాటు కొద్దీ వచ్చిన మాట. అందులో పట్టు లేదు.

"పెరగనియ్యక్కా. పొట్ట వెరిగినోళ్ళు ఊర్ల నూరుమంది ఉన్నరు. అందరు బతికే ఉన్నరు."

యాదవ్వ బిందె లోపలికి లాక్కుని మళ్ళీ అడ్డకర్ర వేసింది. తాగింది. పిల్లను తడిగుడ్డతో తుడిచింది. గోనె ఆరితే తడిపింది. నేల మీద నీళ్ళు చిలకరించింది. మళ్ళీ తాగింది. పని తర్వాత పని. పిల్ల బతుకుతుందా అన్న ప్రశ్న కూడా ఎక్కడో అటక మీద ఉన్నట్టుంది. చేతులు మాత్రం ఆగలేదు.

కప్పు మీద ఎండ ఒక వాలు నుంచి మరో వాలుకు మారినప్పుడు, రొమ్ము పిండితే ఒక చుక్క వచ్చింది. వేలి మీద పట్టి పిల్ల పెదవికి రాసింది. పిల్ల నాలుక కదిలింది. మరో చుక్క. చాలాసేపు చుక్కలే. ఎన్ని పెట్టిందో ఆమెకు తెలియదు. ఒకసారి వేలిని చిగుళ్ళతో పట్టుకుంది. బలహీనంగా, కానీ పట్టుకుంది. యాదవ్వ వేలు తీసి రొమ్ముకు పెట్టింది.

సాయంత్రం గొడ్లు ఇంటికి వచ్చే వేళకు ఆమె ఒడి వెచ్చగా తడిసింది. కిందికి చూసింది. పొత్తిగుడ్డ తడి. దాని రంగు ముదురు పసుపు. ఎంతో లేదు, అరచేతి మేర.

అప్పుడు పిల్ల ఏడ్చింది. మొదట గొంతు పట్టేసిన పిల్లికూనలా. తర్వాత గట్టిగా. తర్వాత కోపంగా.

"ఎత్తుకున్నది!" బయట అంతయ్య కేక వేశాడు. "అక్కా, విన్నవా? గొంతు ఎత్తుకున్నది! నాయినమ్మ పోలికనే!"

యాదవ్వ అడ్డకర్ర తీసింది. శంకరవ్వ గడప మీద నిలబడి ఉంది. మధ్యాహ్నమంతా గోడ నీడలో కూర్చున్న ముఖం. ఆ ముఖంలోకి ఏదో వచ్చి చేరింది. యాదవ్వ దాన్ని చూసింది, పేరు పెట్టలేదు. శంకరవ్వ లోపలికి వచ్చి, పిల్ల నడినెత్తిన వేలు ఆనించి చూసి, వేలు వెనక్కి తీసుకుంది. బిందె ఖాళీ అయిందని గమనించి, దాన్ని ఎత్తుకుని బావికి నడిచింది.

తర్వాత ఆ గదిని చల్లగా ఉంచడం శంకరవ్వ పనైంది. పొద్దున పేడతో నేల అలికేది. పదింటికి గోనెపట్టాలు తడిపి కిటికీకి కట్టేది. గంటకోసారి వాటి మీద ముంతతో నీళ్ళు కొట్టేది. రంజన్ కింద ఇసుక పోసి ఆ ఇసుక తడిపేది. కుంపటి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద బోర్లించింది. ఎనిమిదో రోజు అంతయ్యను పిలిచి, ఎవరూ అడగకుండానే, జొన్నసొప్ప కట్టలు బిల్డింగు మీదికి ఎక్కించింది. సొప్ప మధ్యలోంచి సిమెంటు నెమళ్ళ తలలు రెండు బయటికి కనిపించాయి. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వారు.

"ఏం శంకరవ్వా, దుబాయి కొట్టమా?"

"అవ్, కొట్టమే. నీ తాతలు ఏడ వుట్టిన్రు? కొట్టంలనే!"

పోశవ్వ తగాదాకు సిద్ధమై వచ్చింది. కిటికీకి తలుపు లేకపోవడం ఏమిటి, బాలింత ముంతలకొద్దీ నీళ్ళు తాగడం ఏమిటి, తన నలభై ఏళ్ళ చేతివాసి ఏమిటి అని మొదలుపెట్టింది. మట్టిగోడకు వీపు ఆనించి మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో నిద్రపోయింది. లేచేసరికి మధ్యాహ్నం దాటింది. "అబ్బ, ఏం నిద్ర వట్టిందే," అంటూ చెంగు దులుపుకుని, తగాదా సంగతి మరిచి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు వచ్చింది. అది ఎన్నో రోజో ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. సాయంత్రమైంది. పిల్ల పాలు తాగి పడుకుంది. చీకటి పడ్డాక శంకరవ్వ ఇంత అన్నం తిన్నది.

పదో రోజు గంగయ్య కబురు పంపాడు. అదే ఊరివాడు, సెలవు ముగించుకుని దుబాయి వెళ్తున్నాడు. సాయంత్రం బస్సు. హనుమండ్లుకు ఏమైనా పంపేదుంటే సిద్ధం చేయమన్నాడు. ఊళ్ళో చదువు రానివాళ్ళంతా క్యాసెట్లే పంపుతారు. శంకరవ్వ టేప్ రికార్డర్ తెచ్చి పాత ఇంట్లో గుమ్మి పక్కన పెట్టుకుంది. ఎర్ర మీట నొక్కింది. గొంతు సవరించుకుంది.

"హనుమండ్లూ, మంచిగున్నవా కొడుకా. ఈడ అందరం మంచిగున్నం. నీకు ఆడివిల్ల. తెల్లగనే ఉంది. నీ ముక్కు వచ్చింది. బర్రె ఈనింది. మామిడికాయ తొక్కు గంగయ్యతోని పంపిస్తున్న, సీస పలుగకుండ పట్టుకపొమ్మన్న."

టేపు తిరుగుతోంది.

"మేము పాతింట్ల ఉంటున్నం. బిల్డింగుల ఉంటలేం. నీ బిల్డింగుకు ఏం కాలే. మంచిగనే ఉంది. ఎండకాలం ఉడుక వోస్తుంది, గంతే."

ఈసారి యాదవ్వ వైపు చూడకుండా, రికార్డర్ మీదికి వంగి, దానికే చెప్పుకుంటున్నట్టు మాట్లాడింది.

"ఇంకో మాట కొడుకా. పోయినసారి పిల్లగాడు... గాలికి పోలే. ఉడుకకు పోయిండు. యాదవ్వ ఫాను పెట్టినందుకు గాదు. గా గంట సేపే వాడు పానం తెప్పరిల్లిండేమో, నాకెరుక లేదు. కిటికీలు మూసింది నేను. కుంపటి వెట్టింది నేను. నీళ్ళు వొయ్యంది నేను. మూడేండ్లు దాని మీద వెట్టి చెప్పింది గూడ నేనే. గిది నీకు చెప్పాలె అని చెప్తున్న."

యాదవ్వ పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. ఈ మాట ఎవరైనా ఎప్పుడైనా అంటే, లోపల ఏదో ఒకటి కూలుతుందని ఆమె అనుకునేది. ఏదీ కూలలేదు. గోనె మీంచి నీటి చుక్కలు నేల మీద పడుతున్నాయి. అవి వినిపిస్తున్నాయి.

శంకరవ్వ తలెత్తింది. కళ్ళు తుడుచుకోలేదు, అవి పొడిగానే ఉన్నాయి. "నువ్వేమన్న చెప్తవా?"

"ఏం చెప్పాలె?"

"తిట్టు. నన్ను తిట్టు. వాడు వింటడు."

యాదవ్వ ఆలోచించింది. తిట్లు వెతికింది. దొరకలేదు. చివరికి ముందుకు వంగింది.

"పిల్లగానికి నేను పేరు వెట్టుకున్న," అంది రికార్డర్‌తో. "తొట్టెల దాంక రాలే గద, ఎవలకు చెప్పలే. రాజేశం అని."

అంతే చెప్పి వెనక్కి జరిగింది.

మీట నొక్కి ఆపడం ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. గోడ అవతల బర్రె గడ్డి నములుతోంది. టేపు ఆ నమిలే చప్పుడును, నీటి చుక్కలను ఎక్కించుకుంటూ చివరిదాకా తిరిగి, టక్కుమని ఆగింది.